దృశ్యకళా ప్రేరిత నాటక రచన

నిర్వచనం, పరిధి

చిత్రలేఖనం, శిల్పం, ముద్రాచిత్రం, కొలాజ్, ఛాయాచిత్రం వంటి నిశ్చల దృశ్యరూపాన్ని ఆధారం చేసుకుని రంగస్థల నాటకం రాయడాన్ని దృశ్యకళా ప్రేరిత నాటక రచన అంటారు. ఈ ఆధారం పలు విధాలుగా ఉంటుంది. పటంలోని మనుషులే పాత్రలై మాట్లాడవచ్చు. పటం గీసిన కళాకారుడి జీవితమే కథావస్తువు కావచ్చు. పటం ఒక వస్తువుగా రంగం మీదికి వచ్చి కథను మలుపు తిప్పవచ్చు. ప్రేక్షకుడికి పటం ఎక్కడా కనిపించకపోయినా, దాని కూర్పు, వెలుగునీడలు నాటకం రూపాన్ని నిర్ణయించనూ వచ్చు.

నాటకాన్ని చదివి చిత్రం గీయడం దీనికి ఎదురు ప్రక్రియ. రాజా రవివర్మ (1848–1906) గీసిన శకుంతల, కాలికి దర్భ గుచ్చుకుందన్న నెపంతో వెనుదిరిగి చూస్తుంది. అది కాళిదాసు నాటకంలో మొదటి అంకం చివరి ఘట్టం. రంగస్థలానికి తెరలు, కట్టడాలు చిత్రించడం కూడా వేరే శాస్త్రం (చూ. రంగాలంకరణ). ఈ వ్యాసం చిత్రం నుంచి నాటకానికి సాగే దారికే పరిమితం.

సిద్ధాంత నేపథ్యం

చిత్రానికీ నాటకానికీ ఉన్న మూలభేదాన్ని జర్మన్ రచయిత లెస్సింగ్ 1766లో ప్రచురించిన 'లావోకోన్' గ్రంథంలో స్పష్టంగా విడదీసి చెప్పాడు. చిత్రంలో అన్నీ పక్కపక్కన, ఒకేసారి ఉంటాయి. కవిత్వంలో ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. చిత్రకారుడికి దొరికేది ఒక్క క్షణమే కనుక, ముందు జరిగిందీ ఇకపై జరగబోయేదీ ఊహకు అందేలాంటి క్షణాన్ని ఎంచుకోవాలని అతని వాదం. నాటక రచయితకు పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి క్షణమే. దానికి ముందు వెనుకలను కల్పించి, కాలంలో పరిచి చూపడమే అతని పని.

భారతీయ సంప్రదాయం ఈ రెండు కళలను ఇంతగా విడదీయలేదు. విష్ణుధర్మోత్తర పురాణం మూడవ ఖండంలో వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని శిల్పవిద్య నేర్పమంటాడు. శిల్పానికి చిత్రం, చిత్రానికి నృత్తం, నృత్తానికి వాద్యం, వాద్యానికి గానం తెలిసి ఉండాలని మహర్షి ఒకదాని వెనుక ఒకటి ముడిపెట్టి చెబుతాడు. అలంకారశాస్త్రంలో శ్రీశంకుకుడి 'చిత్రతురగ న్యాయం' మరింత దగ్గరి సంబంధాన్ని చూపిస్తుంది. గోడ మీది గుర్రం బొమ్మను చూసి 'ఇది గుర్రం' అనుకుంటాం. ఆ జ్ఞానం నిజమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, పోలికా కాదు. నటుడిని చూసి 'ఇతడు రాముడు' అనుకోవడం కూడా అలాంటిదేనని శంకుకుడి మతం. ఆయన గ్రంథం దొరకలేదు, అభినవగుప్తుడి వ్యాఖ్యానం ద్వారానే ఈ వాదం మనకు తెలుస్తోంది (చూ. రససిద్ధాంతం).

సంస్కృత నాటకంలో చిత్రం, ప్రతిమ

సంస్కృత నాటకకర్తలు బయటి చిత్రాన్ని చూసి నాటకం రాశారనడానికి ఆధారాలు లేవు. కానీ చిత్రాన్ని కథ లోపలికి తెచ్చి దానితో పని చేయించడంలో వారిని మించినవారు అరుదు.

భాసుడి పేరున 1912 నుంచి తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రి ప్రచురించిన నాటకాల్లో రెండు ఇక్కడ ముఖ్యం. (వీటి కర్తృత్వం మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు.) 'దూతవాక్యం'లో కృష్ణుడు రాయబారానికి వస్తున్నాడని తెలిసిన దుర్యోధనుడు, ఆయన రాగానే లేచి నిలబడవలసి వస్తుందేమోనని ద్రౌపదీ పరాభవ చిత్రం తెప్పించి చూస్తూ కూర్చుంటాడు. దుశ్శాసనుడు జుట్టు పట్టిన తీరు, భీముడి కోపం, ధర్మరాజు కనుసన్నతో అతడిని ఆపడం, భీష్మద్రోణులు సిగ్గుతో ముఖాలు కప్పుకోవడం, అన్నీ ఒక్కటొక్కటిగా వర్ణిస్తాడు. ప్రేక్షకులకు పటం కనిపించనక్కరలేదు. చూస్తున్నవాడి ఆనందమే వాడి స్వభావాన్ని బయటపెడుతుంది. కౌరవ సభలో జరిగిన పాత అవమానాన్ని మళ్లీ నటించి చూపనవసరం లేకుండా, రాయబారం నాటి వర్తమానంలోకి తేవడానికి రచయితకు ఆ పటమే సాధనమైంది.

'ప్రతిమా నాటకం' మూడవ అంకంలో మేనమామ ఇంటి నుంచి తిరిగి వస్తున్న భరతుడు అయోధ్య పొలిమేరలో ఒక ప్రతిమాగృహం దగ్గర ఆగుతాడు. అది ఏ దేవుడి గుడో అనుకుని లోపలికి వెళ్తాడు. అక్కడి పూజారి దిలీపుడు, రఘువు, అజుడు అంటూ వరుసగా చూపిస్తాడు. నాలుగో ప్రతిమ దగ్గర భరతుడి మనసు కలత పడుతుంది. మళ్లీ మొదటి నుంచీ పేర్లు చెప్పించుకుంటాడు. చివరికి బతికి ఉన్నవారి ప్రతిమలు కూడా ఇక్కడ నిలుపుతారా అని అడుగుతాడు. పోయినవారివి మాత్రమే అని జవాబు వస్తుంది. తండ్రి మరణవార్త చెప్పడానికి వేరే దూత అవసరం లేకపోయింది. వాల్మీకంలో లేని ఈ ప్రతిమాగృహాన్ని రచయిత కల్పించుకున్నది ఈ ఒక్క ప్రశ్న కోసమేననిపిస్తుంది.

కాళిదాసు చిత్రాన్ని ప్రేమకథల్లో రెండు విధాలుగా వాడాడు. 'మాళవికాగ్నిమిత్రం'లో రాజు మాళవికను మొదట చూసేది పటంలోనే. రాణి ధారిణి చిత్రంలో పక్కన నిలబడ్డ ఆ అమ్మాయి ఎవరన్న ఆరా నుంచి కథ మొదలవుతుంది. 'అభిజ్ఞాన శాకుంతలం' ఆరవ అంకంలో చిత్రం విరహానికి ఆలంబన. దుష్యంతుడు తాను గీసిన శకుంతల బొమ్మ ముందు కూర్చుని, ఇంకా ఏమేమి గీయాలో చెబుతాడు: ఇసుకతిన్నెల మీద హంసల జంటలతో మాలినీ నది, లేళ్లు పడుకున్న హిమాలయ పాదాలు, కొమ్మలకు నారచీరలు ఆరవేసిన చెట్టు, దాని కింద మగజింక కొమ్ముకు కన్ను రుద్దుకుంటున్న ఆడజింక. తరువాత బొమ్మలోని తుమ్మెదను నిజమనుకుని అదిలిస్తాడు. అది పటమని విదూషకుడు గుర్తు చేసేదాకా, చాటుగా చూస్తున్న అప్సరస సానుమతి కూడా ఆ సంగతి మరచిపోతుంది. చిత్రతురగ న్యాయానికి ఇంతకంటే మంచి రంగస్థల ఉదాహరణ దొరకదు.

ఏడవ శతాబ్దికి చెందిన హర్షుడి 'రత్నావళి' రెండవ అంకంలో సాగరిక రాజును మన్మథుడిగా చిత్రిస్తుంది. చెలికత్తె సుసంగత ఆ పక్కనే సాగరికను రతీదేవిగా గీస్తుంది. ఆ పలక మొదట రాజు చేతిలో, తరువాత రాణి కంట పడటంతో చిక్కుముడి బిగుస్తుంది.

భవభూతి 'ఉత్తరరామచరితం' మొదటి అంకం చిత్రదర్శనంగా ప్రసిద్ధం. లక్ష్మణుడు రామాయణ కథను చిత్రించిన పటాలు చూపిస్తుంటే సీతారాములు తమ గతాన్ని మళ్లీ అనుభవిస్తారు. శూర్పణఖ బొమ్మ దగ్గర సీత బెదురుతుంది. జృంభకాస్త్రాల బొమ్మ దగ్గర, ఇవి నీ సంతానానికి సంక్రమిస్తాయని రాముడు ఆమెతో అంటాడు. ఆ మాట నాటకం చివరి భాగంలో లవుడిని గుర్తుపట్టడానికి ఆధారమవుతుంది. అడవులను, గంగను మళ్లీ చూడాలన్న కోరిక సీతకు పటాలు చూసినందువల్లే పుడుతుంది. కొద్దిసేపట్లో వచ్చిన లోకాపవాదంతో ఆ కోరికే ఆమెను అడవికి పంపే సాకు అవుతుంది. గతాన్ని చెప్పడం, భవిష్యత్తుకు విత్తు వేయడం, విపత్తుకు కారణం కావడం అన్న మూడు పనులనూ ఒకే చిత్రమాలిక చేసింది. నాటకంలో చిత్రాన్ని ఎలా వాడాలో నేర్చుకోదలచినవారు ముందుగా చదవవలసిన అంకం ఇది.

పటం కథలు

చిత్రాన్ని ముందుపెట్టుకుని కథ చెప్పే వృత్తి దేశంలో చాలా పాతది. విశాఖదత్తుడి 'ముద్రారాక్షసం'లో చాణక్యుడి గూఢచారి నిపుణకుడు యమపటం చూపించేవాడి వేషంలో ఇళ్లు తిరుగుతాడు. చందనదాసు ఇంట్లో పటం పరిచి పాడుతుండగా ఒక పసివాడు బయటికి వస్తాడు. లోపలినుంచి ఒక స్త్రీ చేయి వాడిని వెనక్కు లాగుతుంది. ఆ తొందరలో వేలి నుంచి జారిన రాక్షసుడి ముద్రిక దొర్లుతూ వచ్చి నిపుణకుడి కాలి దగ్గర ఆగుతుంది. నాటకమంతా ఆ ముద్రిక మీదే నడుస్తుంది.

తెలంగాణలో ఈ సంప్రదాయం చెర్యాల పటాలతో నేటికీ ముడిపడి ఉంది. సిద్దిపేట జిల్లా చెర్యాలలో నకాషీ చిత్రకారులు గంజి, సుద్ద, జిగురు, చింతగింజల అంబలి పట్టించి గట్టిపరచిన గుడ్డ మీద, ఎక్కువగా ఎర్రని నేల మీద, కథను వరుస గళ్లలో గీస్తారు. గీసేవారు వేరు, చెప్పేవారు వేరు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడజెట్టీలు గౌడులకు గౌడపురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. పటం చుట్ట విప్పుతూ, కథ సాగిన మేరకే గళ్లు చూపుతారు. మిగతాది చుట్టలోనే ఉంటుంది. నాటకంలో తెర చేసే పని ఇక్కడ పటం చుట్టే చేస్తుంది.

అయితే ఇది ఈ వ్యాసవిషయానికి పొరుగు కళే తప్ప అదే కాదు. కుల పురాణం ముందు ఉంది, దానికోసం పటం గీశారు. శ్రీకాళహస్తి కలంకారీలో కథాఘట్టాల కింద తెలుగులో రాసే పంక్తులు, ఆంధ్రదేశపు తోలుబొమ్మలాట కూడా ఈ కోవలోనివే (చూ. చెర్యాల పటాలు, కలంకారీ, తోలుబొమ్మలాట).

ఐరోపా: సజీవ చిత్రం

ఐరోపాలో చిత్రం నాటకానికి నేరుగా మూలం కావడం పద్దెనిమిదో శతాబ్దిలో ఊపందుకుంది. రంగస్థలం మీద ప్రతి ఘట్టమూ చిత్రకారుడికి పనికొచ్చే కూర్పులా ఉండాలని ఫ్రెంచి రచయిత దిదెరో 1757 నాటికే వాదించాడు. 1761లో పారిస్‌లో ప్రదర్శించిన ఫ్రెంచి చిత్రకారుడు గ్రెజ్ గీసిన చిత్రాన్ని, పల్లెటూరి పెళ్లి ఒప్పందపు ఘట్టాన్ని, అదే ఏడాది అక్కడి ఇటాలియన్ నాటకశాలలో నటులతో సజీవ చిత్రంగా కట్టి చూపించారు. నటులు చిత్రంలోని భంగిమల్లో కదలకుండా నిలబడే ఈ పద్ధతికి 'టాబ్లో' అని పేరు. మన పాఠశాల వార్షికోత్సవాల్లోనూ, గణతంత్ర దినోత్సవ శకటాల మీదా చూసేది దీని దూరపు చుట్టమే.

ఇంగ్లండులో విలియం హోగార్త్ గీసిన వరుస చిత్రాలు నాటకాలకు సిద్ధంగా ఉన్న కథల్లాంటివి. ఒక పల్లెటూరి పిల్ల లండన్ వచ్చి వేశ్యగా మారి చనిపోయే క్రమాన్ని ఆరు ముద్రాచిత్రాల్లో చూపిన ఆయన 1732 నాటి కృతి, మరుసటి ఏడాదే డ్రూరీ లేన్ నాటకశాలలో మూకాభినయ వినోదంగా వచ్చింది. ఆస్తి తగలేసి పిచ్చాసుపత్రికి చేరిన యువకుడి కథ 'ది రేక్స్ ప్రోగ్రెస్' ఎనిమిది చిత్రాలు. వాటిని 1947లో షికాగోలో చూసిన స్వరకర్త స్ట్రావిన్‌స్కీ, డబ్ల్యూ. హెచ్. ఆడెన్, చెస్టర్ కాల్‌మన్‌ల రచనతో ఒక ఆపెరా చేశాడు. అది 1951లో వెనిస్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. 1975లో గ్లైండ్‌బోర్న్‌లో దానికి రంగాలంకరణ చేసిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ, కట్టడాలన్నిటినీ ముద్రాచిత్రంలోని అడ్డుగీతల తీరులో రూపొందించాడు.

డగ్లస్ జెరాల్డ్ నాటకం 'ది రెంట్ డే' (డ్రూరీ లేన్, 1832) మరో దశ. డేవిడ్ విల్కీ 1807లో గీసిన అదే పేరు గల చిత్రం, భూస్వామి తరఫున కౌలు వసూలు చేస్తున్న రోజుది. తెర లేవగానే నటులు ఆ చిత్రంలోని కూర్పులో కనిపిస్తారు. తరువాత కదలిక, మాట మొదలవుతాయి. మధ్యలో విల్కీదే మరో చిత్రం, కౌలు బాకీకి సామాన్లు జప్తు చేసే ఘట్టం, అదే విధంగా వస్తుంది. ఆ రెండు చిత్రాలూ ముద్రాప్రతుల ద్వారా ఇంటింటా తెలిసినవి. గుర్తుపట్టడమే ప్రేక్షకుల ఆనందంలో పెద్ద పాలు. ఆ ముద్రాప్రతులు గోడల మీదినుంచి పోయాక నాటకమూ మరుగునపడింది.

ఆధునిక నాటకం: రెండు ప్రధాన ఉదాహరణలు

జార్జ్ సోరా 1884–86 మధ్య గీసిన 'గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం మధ్యాహ్నం' దాదాపు రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు గల చిత్రం. ప్రస్తుతం షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. పారిస్ దగ్గర సేన్ నది ఒడ్డున జనం సేదతీరుతుంటారు. అంతా చిన్న చిన్న రంగు చుక్కలతో కూర్చింది. నాటక రచయిత జేమ్స్ లపైన్, స్వరకర్త స్టీఫెన్ సోండ్‌హైమ్ కలిసి ఈ చిత్రాన్ని పరిశీలిస్తున్నప్పుడు, ఇంతమంది ఒకచోట ఉన్నా ఒకరినొకరు చూసుకోవడం లేదన్నది వారి దృష్టికి వచ్చింది. అందరికంటే ముఖ్యమైన మనిషి, అంటే చిత్రకారుడు, ఇందులో లేడని లపైన్ అన్నాడు. 'సండే ఇన్ ది పార్క్ విత్ జార్జ్' అనే సంగీత నాటకం ఆ మాట నుంచి పుట్టింది. 1984లో బ్రాడ్‌వేకు వచ్చింది. 1985లో నాటక విభాగంలో పులిట్జర్ బహుమతి పొందింది.

దీని నిర్మాణం దగ్గరగా చూడదగ్గది. మొదటి అంకంలో జార్జ్ బొమ్మకాగితం మీద ఒక చెట్టు నచ్చక తీసేస్తే, రంగస్థలం మీది చెట్టు కూడా మాయమవుతుంది. ఆ చెట్టు ఏమైందని ఒక ముసలావిడ వెతుక్కుంటుంది. గీయడమనే ఒంటరి పని ఇలా అందరికీ కనిపించే చర్యగా మారింది. చిత్రంలో ముందువరుసలో గొడుగు పట్టుకున్న స్త్రీ, జార్జ్ ప్రేయసి డాట్ అనే కల్పిత పాత్ర అయింది. పనిలో మునిగి తనను పట్టించుకోని జార్జ్‌ను వదిలి ఆమె వెళ్లిపోతుంది. అంకం చివర పోట్లాడుకుంటున్న పాత్రలన్నిటినీ జార్జ్ ఒక్కొక్కరినీ చోటు చూసి నిలబెడతాడు. చిత్రం పూర్తవుతుంది. విల్కీ చిత్రంతో జెరాల్డ్ నాటకం మొదలైతే, ఇక్కడ చిత్రం గమ్యం. అంతవరకు జరిగినదంతా చూసిన ప్రేక్షకుడికి ఆ నిశ్చలత వెనుక ఎంత గొడవ అణిగి ఉందో తెలుస్తుంది. రెండవ అంకం వందేళ్లు దాటి, జార్జ్ మునిమనవడైన మరో కళాకారుడి దగ్గర తెరుచుకుంటుంది. నిజ జీవితంలో సోరా 1891లో 31 ఏళ్లకే చనిపోయాడు. ఈ వంశక్రమం అంతా రచయితల కల్పన.

రెండవ ఉదాహరణ అమెరికన్ నాటకకర్త ఆగస్ట్ విల్సన్ (1945–2005). నల్లజాతి చిత్రకారుడు రొమేర్ బేర్డెన్ (1911–1988) కొలాజ్‌లను ఆయన 1977లో ఒక మిత్రుడు చూపించిన పుస్తకంలో చూశాడు. తన మీద ప్రభావం చూపినవాటిలో బ్లూస్ సంగీతం, రచయితలు బోర్హెస్, బరాకాలతో పాటు బేర్డెన్‌నూ లెక్కపెట్టేవాడు. ఒకసారి బేర్డెన్ ఇంటిముందు నిలబడి కూడా తలుపు తట్టకుండా వచ్చేశానని విల్సన్ స్వయంగా రాశాడు.

బేర్డెన్ 1978 నాటి కొలాజ్ 'మిల్ హ్యాండ్స్ లంచ్ బకెట్' పిట్స్‌బర్గ్‌లోని ఒక పూటకూళ్లింటిది. బేర్డెన్ అమ్మమ్మ అలాంటి ఇల్లే నడిపేది. ఒకడు మెట్లు దిగుతూ పనికి వెళ్లేందుకు తిండిడబ్బా అందుకుంటున్నాడు. ఒక స్త్రీ సంచితో బయలుదేరబోతోంది. పిల్లవాడు పాలు తాగుతున్నాడు. మధ్యలో మాత్రం ఒకడు కుంగిపోయి కూర్చున్నాడు. అందరూ వెళ్లిపోయాక ఇతడొక్కడే మిగులుతాడు కదా, ఎవరితడు అన్న ప్రశ్న విల్సన్‌ను వదలలేదు. దానికి వచ్చిన జవాబు హెరాల్డ్ లూమిస్ అనే పాత్ర. ఏడేళ్ల బలవంతపు చాకిరీ నుంచి బయటపడి, కూతురిని వెంటబెట్టుకుని భార్యను వెతుక్కుంటూ 1911లో పిట్స్‌బర్గ్ పూటకూళ్లింటికి చేరినవాడు. నాటకానికి మొదట కొలాజ్ పేరే పెట్టినా తరువాత 'జో టర్నర్స్ కమ్ అండ్ గాన్'గా మార్చాడు.

బేర్డెన్‌దే మరో కృతి 'ది పియానో లెసన్' (1983) నుంచి అదే పేరుతో విల్సన్ నాటకం వచ్చింది. అసలు ఆ కొలాజ్ ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్ చిత్రాలను తలచుకుని చేసింది. అంటే మూడు చేతులు మారిన వస్తువు. కొలాజ్‌లో పియానో ముందు ఒక బాలిక, పక్కన నిలబడిన స్త్రీ. నాటకంలో ఆ పియానో మీద బానిసలైన పూర్వీకుల ముఖాలు చెక్కి ఉంటాయి. దాన్ని అమ్మి, తాతలు బానిసలుగా దున్నిన నేలనే కొందామంటాడు తమ్ముడు. అమ్మనివ్వదు అక్క. 1990లో ఈ నాటకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. కొలాజ్ నుంచి విల్సన్ తీసుకున్నది ఇద్దరు మనుషులు, ఒక వాద్యం మాత్రమే. తగాదా అంతా ఆయనదే.

ఇతర రీతులు

కొన్ని నాటకాల్లో చిత్రం మూలం బయటికి కనిపించదు. 1953లో ప్రదర్శితమైన 'వెయిటింగ్ ఫర్ గోడో'కు జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ గీసిన, చంద్రుడిని చూస్తున్న ఇద్దరు మనుషుల చిత్రం ప్రేరణ అని శామ్యూల్ బెకెట్ చెప్పాడు. చీకట్లో ఒక నోరు మాత్రమే మాట్లాడే ఆయన 'నాట్ ఐ' (1972) వెనుక, మాల్టాలో చూసిన కరవాజియో చిత్రం, యోహాను శిరచ్ఛేదం, ఉంది. చూసేవారికి ఈ సంగతి తెలియకపోయినా నాటకానికి లోటు రాదు. పీటర్ వైస్ 'మరా/సాద్' (1964)లో మాత్రం స్నానపుతొట్టిలోని ఫ్రెంచి విప్లవకారుడు మరా, దవీద్ 1793లో గీసిన ప్రసిద్ధ మరణచిత్రాన్ని గుర్తుకు తెచ్చితీరుతాడు. బ్రెహ్ట్ తన నాటకాల్లోని కూర్పులకు బ్రూగెల్ చిత్రాలను తరచూ చూసేవాడు.

చిత్రకారుడిని పాత్ర చేసిన వాటిలో జాన్ లోగన్ 'రెడ్' (లండన్, 2009) పేరొందింది. న్యూయార్క్‌లోని సీగ్రామ్ భవనపు ఖరీదైన హోటల్ కోసం ఒప్పుకున్న చిత్రాలను మార్క్ రోత్కో ఎందుకు ఇవ్వలేదన్నది కథ. రోత్కో, అతని సహాయకుడు కలిసి నిలువెత్తు కాన్వాసుకు ఎర్రరంగు పూత వేసే ఘట్టంలో రంగు నిజంగానే రంగస్థలం మీద పడుతుంది. యాస్మినా రెజా 'ఆర్ట్' (1994)లో చిత్రం తెల్లగా ఖాళీ. రెండు లక్షల ఫ్రాంకులకు ఒకతను కొన్న ఆ తెల్ల కాన్వాసు ముగ్గురు స్నేహితుల మధ్య చిచ్చు పెడుతుంది. అసలు చిత్రమేదీ లేకుండానే చిత్రకళ గురించి నాటకం రాయవచ్చనడానికి ఇది నిదర్శనం.

రచనా విధానం

నాటక శిక్షణలో చిత్రాన్ని ఆధారంగా ఇచ్చినప్పుడు కొత్తవారు సాధారణంగా కనిపించిన ప్రతి మనిషికీ ఒక సంభాషణ రాస్తారు. దానితో చిత్రం మాట్లాడుతుంది కానీ నాటకం నడవదు. పైన చెప్పిన రచయితలు చేసింది వేరు: చిత్రంలో లేనిదాన్ని వెతికారు. లపైన్‌కు లేనిది చిత్రకారుడు. విల్సన్‌కు లేనిది కుంగిన మనిషి గతం.

రవివర్మ 1893లో తన కూతురు మహాప్రభను బిడ్డతో చిత్రించిన 'అదిగో నాన్న' పటాన్ని ఈ పద్ధతితో చూడవచ్చు. తల్లి చంకలో బిడ్డ. ఇద్దరి చూపూ చట్రం బయటికి, ఒక పక్కకు. చిత్రం పేరులో ఉన్న తండ్రి చిత్రంలో లేడు. రంగస్థల పరిభాషలో అతడు ఇంకా వింగులోనే ఉన్నాడు. అతడు ప్రవేశించాలా వద్దా అన్నది రచయిత తీసుకోవలసిన మొదటి నిర్ణయం. అప్పటి కేరళలో మాతృవంశ కుటుంబాలున్నాయి. అక్కడ పిల్లలు తల్లి పుట్టింట్లో, మేనమామ పెద్దరికం కింద పెరిగేవారు, తండ్రి వచ్చిపోయేవాడు. ఆ సంగతి తెలిసినవాడికి ఇది కేవలం ముద్దొచ్చే దృశ్యం కాదు. తండ్రి ఎంతసేపు ఉంటాడు, ఆ ఇంట్లో అతని మాటకు విలువెంత, లోపల మేనమామ ఏం చేస్తున్నాడు అన్న ప్రశ్నలు ఒక్కొక్కటీ ఒక రంగానికి సరిపోతాయి. చిత్రం పుట్టిన కాలాన్నీ సమాజాన్నీ చదవకుండా కేవలం ఊహ మీద ఆధారపడితే ఈ ప్రశ్నలు తట్టవు.

చిత్రం నుంచి నాటకానికి సంభాషణ కంటే ముందుగా వచ్చేవి స్థలం, దూరం, వెలుగు. ఎవరు ఎవరికి వీపు పెట్టారు, ఎవరి మధ్య ఖాళీ ఉంది, కాంతి ఎవరి మీద పడుతోంది అన్నవి రంగస్థల సూచనలుగా మారతాయి.

తెలుగు రంగస్థలం

తెలుగు నాటకంలో చిత్రకళ పాత్ర ఎక్కువగా తెర మీదే ఉండిపోయింది. 1885లో కడప జిల్లా సురభిలో 'కీచకవధ'తో ప్రస్థానం ప్రారంభించిన సురభి నాటక సమాజాలు రాజసభ, ఉద్యానవనం, అడవి, వీధి చిత్రించిన తెరలతో, మాయలతో పేరు తెచ్చుకున్నాయి. పౌరాణిక పాత్రల ఆహార్యం మీద రవివర్మ చిత్రాలు, 1894లో ఆయన నెలకొల్పిన ముద్రణాలయం నుంచి ఇళ్లకు చేరిన ఓలియోగ్రాఫులు ప్రభావం చూపాయి. నాటకం రాసేటప్పుడు మాత్రం రచయితలు పురాణం, చరిత్ర, సంఘసమస్యలను ఆశ్రయించినంతగా చిత్రాన్ని, శిల్పాన్ని ఆశ్రయించలేదు.

శిల్పం నుంచి ప్రదర్శన పుట్టిన తెలుగు ఉదాహరణ నాట్యంలో ఉంది. నటరాజ రామకృష్ణ రామప్ప గుడి శిల్పాల భంగిమలను, పదమూడో శతాబ్దపు జాయపసేనాని 'నృత్తరత్నావళి'ని కలిపి అధ్యయనం చేసి పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించారు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది పదహారో శతాబ్దపు కిరాతార్జునీయ చిత్రమాలిక, అమరావతి బుద్ధచరిత్ర ఫలకాలు ఘట్టాలవారీగా విభజించి ఉన్నవే. నాటకకర్తలకు ఇవి దాదాపు తాకని గనులు (చూ. పేరిణి, లేపాక్షి).

విమర్శ

ఈ ప్రక్రియ మీద వచ్చే ఆక్షేపణల్లో మొదటిది, చిత్రం తెలియని ప్రేక్షకుడికి నాటకం అందదన్నది. 'ది రెంట్ డే' విషయంలో ఇది నిజమే. బెకెట్, విల్సన్ నాటకాలకు వర్తించదు. రెండవది, చిత్రానికి ఒకే కథ అంటగట్టి దాని అర్థవిస్తృతిని కుదించడం. మూడవది, నిజమైన కళాకారుల జీవితాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం. సోరాకు లేని వంశాన్ని కల్పించారన్నది ఇలాంటిదే. దీనికి సమర్థకుల సమాధానం ఒకటే: నాటకం జీవితచరిత్ర కాదు. కల్పన అని తెలిసేలా రాసినప్పుడు ఈ సమాధానం నిలుస్తుంది. 'రెడ్' వంటి వాస్తవిక నాటకాల్లో హద్దు అంత స్పష్టంగా ఉండదు.

హక్కులు

1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం కళాకృతిని ప్రదర్శన ద్వారా నాటకకృతిగా మార్చడం కూడా అనుసరణ కిందికే వస్తుంది. కనుక హక్కు అమలులో ఉన్న చిత్రాన్ని రంగం మీదికి నేరుగా తెచ్చేముందు హక్కుదారు అనుమతి అవసరం. చిత్రం చూసి కలిగిన భావానికి, దాని నుంచి కల్పించుకున్న కొత్త కథకు చట్టం అడ్డుచెప్పదు. చిత్రకారుడి జీవితకాలంలో ప్రచురితమైన కృతికి హక్కు అతను చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1996లో మరణించిన పి.టి. రెడ్డి చిత్రాలకు 2056 వరకు, 2012లో మరణించిన కాపు రాజయ్య చిత్రాలకు 2072 వరకు అనుమతి కావాలి. రవివర్మ (మ. 1906), దామెర్ల రామారావు (మ. 1925), అడివి బాపిరాజు (మ. 1952) చిత్రాలకు ఆ గడువు తీరిపోయింది. దామెర్ల చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రకళాశాలలో చూడవచ్చు.